అబ్బాకు తెలుగు వచ్చు

మా నాయనను మేం అబ్బా అంటాం. తల్లిని అమ్మీ అంటాం. ఇంట్లో ఉర్దూ, గడప దాటితే తెలుగు. మా ఉర్దూ విని హైదరాబాదు చుట్టాలు నవ్వుతారు. మా తెలుగు విని ఎవరూ నవ్వరు గానీ ఆశ్చర్యపోతారు. "అరే, మీరు తెలుగు మంచిగ మాట్లాడతరే!" అంటారు. తాతల కాలం నుంచీ ఇదే మట్టిలో ఉన్నవాళ్లను పట్టుకుని ఆ మాట అనడంలో ఏముందో అనేవాళ్లకు తెలీదు. వినేవాళ్లకు తెలుసు.

ఈ మాట మీద మాకు చాలాసార్లు కోపం వచ్చింది. కానీ ఇప్పుడు రాసేది ఆ కోపం గురించి కాదు. మా అబ్బా చావు దగ్గర ఆ మాట ఎట్లా ఎదురైందో, దాన్ని చాటు చేసుకుని మేం ఏం చేశామో చెప్పుకోవాలని రాస్తున్నాం. తప్పు ఒక్క డాక్టరుదే అయితే రాసేవాళ్లం కాదు. అందులో ఎక్కువ పాలు మాది.

మేం నలుగురం. ముగ్గురం అన్నదమ్ములం, అందరికంటే పెద్దది ఆపా. ఎవరు రాస్తున్నారని అడగొద్దు. నలుగురం కూర్చుని, తగాదా పడి, ఏడ్చి, మళ్లీ కూర్చుని రాసింది గనక మేం అనే రాస్తున్నాం.

అబ్బా దర్జీ. నల్లగొండ జిల్లాలో మాదొక చిన్న ఊరు. బస్టాండు వెనక రెండు మిషన్లు పట్టేంత దుకాణం. పంట్లాలు, చొక్కాలు, లాల్చీ పైజామాలు, జూన్ వస్తే బడిపిల్లల యూనిఫారాలు. ఏడో తరగతి దాకా చదువు. అదీ తెలుగు మీడియమే. కొలతల పుస్తకంలో నడుము, ఛాతీ, భుజం, పొడుగు అన్నీ తెలుగులోనే రాసుకునేవాడు. పొద్దున్నే పేపరు మొత్తం చదివి, వచ్చినవాళ్లకు వినిపించేవాడు. ఊళ్లో చదువు రాని వాళ్లకు పింఛను దరఖాస్తులు రాసిపెట్టింది కూడా ఆయనే. గడ్డం, నెత్తిన టోపీ, నుదుటి మీద సజ్దా మచ్చ. చూసినవాళ్లకు ఇవే కనిపిస్తాయి. కొలతల పుస్తకం కనిపించదు.

2016 జనవరిలో కుడి డొక్క కింద బరువుగా ఉందన్నాడు. ఊరి డాక్టరు గ్యాసు అని గోళీలిచ్చాడు. తిండి సయించలేదు. మనిషి తగ్గాడు. తన పంట్లాం నడుము తనే రెండుసార్లు బిగించి కుట్టుకున్నాడు. మూడోసారి మాకు అనుమానం వచ్చింది. నల్లగొండలో పొట్ట స్కానింగు తీయిస్తే లివరులో గడ్డ ఉందన్నారు. ఫిబ్రవరిలో హైదరాబాదు తీసుకుపోయాం.

అక్కడ మొదటి ప్రశ్న: "తాగుతాడా?"

లేదన్నాం. రెండో డాక్టరు కూడా అదే అడిగాడు. మళ్లీ లేదన్నాం. మూడోసారి కేసు షీటు రాసే పిల్ల డాక్టరు మమ్మల్ని పక్కకు పిలిచి, "మీ దాంట్లో తాగకూడదు కాబట్టి చెప్పట్లేదేమో, నిజం చెప్పండి, మందుల కోసం" అంది. ఆమె అడగడంలో దురుద్దేశం లేదు. లివరు పాడైందంటే సారా అనే లెక్క మన దేశంలో అందరి బుర్రల్లోనూ ఉంది. మా చుట్టాల్లోనూ ఉంది. పరామర్శకు వచ్చిన మా సొంత ఫూఫా గడప దిగుతూ, "చాటుగా ఏమైనా ఉందా?" అని గుసగుసలాడాడు. జీవితంలో ఒక్క చుక్క ముట్టని మనిషి మంచంలో పడి, రెండువైపులా తాగుబోతు అనిపించుకున్నాడు.

రక్తపరీక్షలో తేలింది, హెపటైటిస్ బి అని. ఎన్నో ఏళ్లుగా ఒంట్లో ఉన్న వైరస్. పుట్టుకలో తల్లి నుంచి రావచ్చు, ఒకే సూదితో పదిమందికి పొడిచిన రోజుల్లో రావచ్చు. ఎక్కడ అంటిందో ఎవరూ చెప్పలేరు. నొప్పి ఉండదు, గుర్తు ఉండదు. ముప్పై, నలభై ఏళ్లు లివరును లోపల్లోపల తింటూ పోతుంది. సిరోసిస్ చేసి గడ్డ పెడుతుంది, ఒక్కోసారి సిరోసిస్ లేకుండానే పెడుతుంది. హెపటైటిస్ సి, షుగరు, లివరులో కొవ్వు, ఇవన్నీ కూడా ఆ దారిలోకే తీసుకుపోతాయి. సారా వాటిల్లో ఒకటి, అంతే.

ఇక అసలు రోజు.

హైదరాబాదులో ఒక పెద్ద ప్రైవేటు ఆస్పత్రి. స్కానింగు రిపోర్టు చేతిలో పట్టుకుని డాక్టరు వచ్చాడు. మంచి మనిషే, మెత్తగా మాట్లాడతాడు. అబ్బా భుజం మీద చెయ్యి వేసి, "చాచా, కైసా హై? దర్ద్ హై క్యా?" అన్నాడు. అబ్బా "ఠీక్ హై సాబ్" అన్నాడు. డాక్టరు మా వైపు తిరిగి, మంచం కాళ్ల దగ్గరే నిలబడి తెలుగులో అన్నాడు:

"పెద్దాయనకు తెలుగు రాదు కదా, ఇక్కడే చెప్పేస్తాను."

మేం నలుగురం అక్కడే ఉన్నాం. "వచ్చు సార్" అనాలి. ఒక్క మాట. మా జన్మంతా ఎదురుతిరుగుతూ వచ్చిన మాట అది. బస్సులో అంటే గొడవపడ్డాం, ఆఫీసులో అంటే గొడవపడ్డాం. ఆ రోజు నలుగురిలో ఒక్కరూ నోరు విప్పలేదు.

ఎందుకు? చెప్పబోయేది మంచి వార్త కాదని ముఖం చూస్తేనే తెలిసింది. వచ్చు అంటే డాక్టరు ఆగుతాడు. ఆగితే, అబ్బాకు చెప్పాలా వద్దా అనేది మేం తేల్చుకోవాలి. దాన్ని తప్పించుకున్నాం. "బయట మాట్లాడదాం సార్" అనడానికి కూడా నోరు రాలేదు.

డాక్టరు చెప్పాడు. గడ్డ 9 సెంటీమీటర్లుంది. లివరుకు పోయే పెద్ద రక్తనాళం కొమ్మలోకి పాకింది. రెండు ఊపిరితిత్తుల్లోనూ మచ్చలున్నాయి, అవీ దీనివే. కోసి తీసేది లేదు, లివరు మార్చేది లేదు. ఇట్లాంటి వాళ్లు మామూలుగా 3 నుంచి 6 నెలలు. గోళీ పనిచేస్తే ఇంకొంచెం.

అబ్బా గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నిద్రపోయాడని మేం అనుకున్నాం. అనుకోవాలని అనుకున్నాం.

ఆ 3, 6 అనే అంకెలు మా ఇంట్లో పాముల్లాగా తిరిగాయి. క్యాలెండరు చూస్తే భయం. తర్వాత తెలిసినవాళ్లను అడిగి, చదివి, ఆ అంకెలు ఏమిటో కొంత తెలుసుకున్నాం. ఇప్పుడు అదే గండంలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాం.

డాక్టర్లు చెప్పేది గడువు కాదు. ఒకే స్థితిలో ఉన్న వందమందిని వరసలో నిలబెడితే యాభయ్యో మనిషి పోయేదాకా పట్టిన కాలం అది. ఇంకా యాభైమంది నిలబడే ఉంటారు. వాళ్లలో కొందరు నెల రోజులు, కొందరు ఏళ్లు. స్టీఫెన్ జే గౌల్డ్ అని అమెరికాలో ఒక శాస్త్రవేత్త ఉండేవాడు. 1982లో ఆయనకు పొట్టలో మెసోథీలియోమా అనే అరుదైన క్యాన్సర్ వచ్చింది. పుస్తకాల్లో ఆ జబ్బుకు సగం మంది బతికే కాలం 8 నెలలని ఉంది. ఆయన ఇంకో ఇరవై ఏళ్లు బతికి 2002లో వేరే క్యాన్సర్‌తో పోయాడు. ఆ మిగతా సగం ఎంత దూరం సాగుతుందో చూడమని 1985లోనే వ్యాసం రాశాడు.

కానీ ఆశను కూడా కొలిచి చూడాలి. లివరు క్యాన్సర్ దూరపు అవయవాలకు పాకాక ఐదేళ్లు దాటేవాళ్లు అమెరికా లెక్కల్లోనే నూటికి ముగ్గురు, కాస్త అటూ ఇటూ. ఆ ముగ్గురూ లేరని ఎవరూ అనకూడదు. మన మనిషి ఆ ముగ్గురిలో ఉంటాడని లెక్క కట్టి ఇల్లు అమ్మకూడదు.

ఈ జబ్బులో మనిషి ఎంతకాలం ఉంటాడనేది గడ్డ ఒక్కటే తేల్చదు. లివరులో మిగిలిన మంచి భాగం ఎంత పనిచేస్తోందనేది కూడా తేలుస్తుంది. అందుకు చైల్డ్-పగ్ అనే కొలత ఉంది. కామెర్ల అంకె, రక్తంలో అల్బుమిన్, రక్తం గడ్డకట్టే సమయం, పొట్టలో నీరు, మనసు తికమకపడటం, ఈ ఐదింటినీ చూసి ఏ, బీ, సీ అని వేస్తారు. మనిషి లేచి తిరుగుతున్నాడా, పగలు సగం మంచంలోనే ఉంటున్నాడా అనేది ఇంకో కొలత. ఊపిరితిత్తుల్లో మచ్చలు చూసి మేం హడలిపోయాం గానీ, చాలామంది పోయేది వాటివల్ల కాదు, లివరు చేతులెత్తేయడం వల్ల.

అప్పుడున్న గోళీ పేరు సోరాఫెనిబ్. 2008లో వచ్చిన పెద్ద పరీక్షలో, ఉత్తుత్తి గోళీ వేసుకున్నవాళ్లలో సగంమంది 7.9 నెలలు దాటితే, ఇది వేసుకున్నవాళ్లలో 10.7 నెలలు దాటారు. 2009లో చైనా, కొరియా, తైవాన్‌లలో చేసిన పరీక్షలో 4.2 నెలలు 6.5 అయ్యాయి. మా అబ్బాలాగా హెపటైటిస్ బి ఉన్నవాళ్లు ఎక్కువమంది ఉన్నది ఈ రెండోదాంట్లో. మందు వల్ల వచ్చింది రెండు మూడు నెలలు. రెండు మూడు నెలలా అని తీసిపారేసేవాళ్లు తమ తండ్రి మంచం పక్కన కూర్చుని అనాలి.

ఆ రెండు నెలలు మాలాంటి వాళ్లకు అందడం వెనక ఒక కథ ఉంది. అది మన హైదరాబాదు కథే. ఈ మందును బేయర్ కంపెనీ నెక్సావర్ పేరుతో నెలకు 2,80,000 రూపాయల దాకా అమ్మేది. 2012 మార్చిలో మన దేశపు పేటెంట్ల అధికారి, హైదరాబాదులోని నాట్కో కంపెనీకి దాన్ని తయారుచేసే లైసెన్సు బలవంతంగా ఇప్పించాడు. నెలకు 120 గోళీలు 8,800 రూపాయలకు మించకూడదన్నాడు. దేశంలో అట్లాంటి లైసెన్సు అదే మొదటిది. బేయర్ కోర్టులకెక్కింది. 2014 డిసెంబరులో సుప్రీంకోర్టు దాకా పోయి ఓడింది. లేకపోతే, రెండు మిషన్ల దర్జీ నోట్లో ఆ గోళీ పడేదే కాదు.

గోళీ పనిచేసింది, కొంత. కానీ అది అరచేతుల మీద, అరికాళ్ల మీద కొట్టింది. చర్మం ఎర్రబడి, బొబ్బలెక్కి, పొరలు పొరలుగా ఊడింది. చాలామందికి అవుతుందట. దర్జీకి అరచేతులు పోతే ఇంకేముంది? కత్తెర పడితే నెత్తురు చిమ్మేది. డాక్టరు మోతాదు సగం చేశాడు, పూత మందు ఇచ్చాడు. అయినా అబ్బా వేళ్లకు గుడ్డ చుట్టుకుని దుకాణానికి పోయేవాడు.

మేం ఆయనతో ఏం చెప్పామంటే, లివరులో వాపు అని చెప్పాం. ఆరు నెలలు మందు వాడితే తగ్గుతుందన్నాం. రిపోర్టులు బియ్యం డబ్బా వెనక దాచాం. పేపరులో క్యాన్సర్ మాట ఉంటే ఆ పేజీ మాయం చేశాం. చుట్టాలకు ఫోనుచేసి ఎవరేం మాట్లాడాలో నేర్పాం. ఆపా అత్తగారింటి నుంచి వచ్చి నవ్వుతూ వంట చేసి, దొడ్లోకి పోయి ఏడ్చేది. అబ్బా మా అబద్ధాలన్నిటికీ "అచ్ఛా, అచ్ఛా" అనేవాడు.

షాబాన్ నెల వచ్చింది. రంజాన్ బట్టలు కుట్టడానికి ఇచ్చే రోజులు. ఏటా మా ఇంట్లో అర్ధరాత్రి దాకా మిషన్ల చప్పుడు వినిపించే కాలం. ఆ ఏడు అబ్బా కొత్త గుడ్డ ఒక్కటీ తీసుకోలేదు. వచ్చినవాళ్లను, "ఈసారి చేతులు బాగలేవు బిడ్డా, వేరేకాడ ఇయ్యి" అని పంపాడు. పాతవి మాత్రం ఒకటొకటే పూర్తిచేశాడు. అరచేతుల వల్లే కదా అనుకున్నాం.

జూన్ 7న మొదటి రోజా. దానికి రెండు రోజుల ముందు అసర్ నమాజయ్యాక అబ్బా మా చిన్నోణ్ని పిలిచాడు.

"నా ముప్పై రోజాలకూ ఫిద్యా లెక్క కట్టు."

ముస్లిం కాని పాఠకుల కోసం ఇది చెప్పాలి. జబ్బుపడినవాడు ఉపవాసం ఉండనక్కర్లేదు. తగ్గే జబ్బయితే, తగ్గాక ఆ రోజులు లెక్కపెట్టి ఉంటాడు. దాన్ని ఖజా అంటాం. తగ్గుతుందన్న ఆశ లేని జబ్బయితే, ఒక్కో రోజాకు ఒక్కో పేదవాడికి రెండుపూటలా తిండి పెడతాడు. అది ఫిద్యా. చిన్నప్పుడు మదర్సాలో ఆలిఫ్, బే తర్వాత నేర్పే సంగతులివి. మా ఇంట్లో అందరికీ తెలుసు.

అమ్మీ వెంటనే, "ఫిద్యా ఎందుకు? తగ్గినాక ఖజా ఉందువులే" అంది.

అబ్బా కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "డాక్టరు తెలుగులనే చెప్పిండు గదా. నాకు తెలుగు రాదా?"

ఆ మాట ఆయన తెలుగులోనే అన్నాడు. ఇంట్లో మాతో ఎప్పుడూ తెలుగు మాట్లాడని మనిషి.

నాలుగు నెలలు. మేం దాచామనుకున్న నాలుగు నెలలూ ఆయన దగ్గర ఆ 3, ఆ 6 ఉన్నాయి. మాకు చెప్పకుండా లెక్కపెట్టుకున్నాడు. మేం ఏడవకూడదని అచ్ఛా అచ్ఛా అన్నాడు. కొత్త గుడ్డ తీసుకోకపోవడం అరచేతుల వల్ల కాదు. గుడ్డ అమానత్. ఒకరు నమ్మి మన చేతిలో పెట్టిన వస్తువు. కుట్టకుండా పోతే ఎవరికి జవాబు చెప్పుకోవాలి?

మేం ఆయన్ను కాపాడుతున్నామనుకున్నాం. ఆయన మమ్మల్ని కాపాడుతూ ఒంటరిగా ఉన్నాడు. రాత్రిళ్లు నిద్రపట్టక వరండాలో తస్బీ తిప్పుకుంటూ కూర్చుంటే నొప్పి అనుకుని గోళీ ఇచ్చాం. పక్కన కూర్చోలేదు. కూర్చుంటే ఎక్కడ అడుగుతాడోనని.

ఇక్కడ మేం మమ్మల్ని మేమే నిలదీసుకోవాలి. మా గురించి మమ్మల్ని అడక్కుండా తేల్చేస్తారని మా ఫిర్యాదు. మా భాష ఏమిటో వాళ్లే చెప్తారు. మేం ఏం తింటామో, ఏం తాగుతామో, ఎవరి వైపు ఉంటామో వాళ్లే చెప్తారు. మా ఎదుటే, మేం లేనట్టు, మా గురించి మాట్లాడతారు. ఇది నిజమే. మరి మేం అబ్బాకు చేసిందేమిటి? ఆయన ఒళ్లు, ఆయన చావు, ఆయన దగ్గర మిగిలిన రోజులు. అన్నీ ఆయన ఎదుటే, ఆయన లేనట్టు మాట్లాడుకున్నాం. డాక్టరుకు తెలియక అన్నాడు. మాకు తెలిసి ఊరుకున్నాం. ప్రేమతో చేశాం అంటాం. ప్రేమతో చేసినా నోరు మూయించడం నోరు మూయించడమే.

ఆ సాయంత్రం తర్వాత మా ఇంట్లో నలభై రోజులు నిజం తిరిగింది. ఏడుపులు ఎక్కువయ్యాయి, నిజమే. కానీ మాటలు కూడా వచ్చాయి.

అబ్బా కొలతల పుస్తకం వెనక పేజీల్లో బాకీలు రాసి ఉంచాడు. బట్టల దుకాణం సేటుకు లైనింగు గుడ్డ బాకీ 11,000. మనిషిని పిలిపించాడు. సేటు వచ్చి మంచం పట్టె మీద కూర్చుని, "సాయిబూ, మన మధ్య లెక్కలేంది? ఇడిసిపెట్టిన" అన్నాడు. అబ్బా, "ఇడిసిపెడితే పుస్తకంల నీ చేత్తోని రాయి. పిల్లలకు తెల్వాలె" అన్నాడు. సేటు తెలుగులో మాఫీ అని రాసి సంతకం పెట్టాడు. ఆ పేజీ మా దగ్గర ఉంది. మిగతా బాకీలు మేం ముగ్గురం పంచుకుని తీర్చాం.

వారసులు కానివాళ్లకు ఆస్తిలో మూడో వంతు దాకా వసీయత్ రాయొచ్చు. రెండు మిషన్లలో ఒకటి శాగిర్దుకు రాశాడు. పన్నెండేళ్లు తన దగ్గర పని నేర్చుకున్న యాదవుల పిల్లవాడు. అతనిప్పుడు అదే బస్టాండు వెనక దుకాణం పెట్టుకున్నాడు. అమ్మీ పేర ఇల్లు ఎట్లా ఉండాలో చెప్పాడు. ఆపాను పిలిచి, చదువు మధ్యలో మాన్పించినందుకు మాఫ్ చెయ్యమన్నాడు. ఇరవై ఆరేళ్ల నాటి సంగతి. అబ్బా దాన్ని మరిచిపోయాడని ఆపా అనుకుంది. ఆయన మరిచిపోలేదు. మేం ఆ వాపు అబద్ధాన్ని ఇంకో నలభై రోజులు ఈడ్చి ఉంటే, ఆ మాట ఆయనతోనే మట్టిలోకి పోయేది.

చివరి మూడు వారాలు నొప్పి. కామెర్లు పచ్చగా ఎక్కాయి, పొట్ట నీటితో ఉబ్బింది. మూడో నెల దాకా ఏ లో ఉన్న లివరు బీ దాటి పోయింది. క్యాన్సర్ గోళీ ఆపేశారు. ఆ స్థితిలో అది మేలు చెయ్యదన్నారు. నొప్పికి మార్ఫిన్ కావాలి. మా ఊళ్లో లేదు, చుట్టుపక్కల ఎక్కడా దొరకలేదు. నల్లమందు పండించే దేశంలో నొప్పితో పోయేవాడికి నల్లమందు గోళీ దొరకదు. 1985 నాటి మత్తుమందుల చట్టం లైసెన్సుల మీద లైసెన్సులు పెట్టి ఆస్పత్రులను భయపెట్టింది. 2014లో చట్టం మార్చి సులువు చేశారు. ఆ సులువు మా ఊరిదాకా రాలేదు.

హైదరాబాదులో ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రికి పోయాం. దాన్ని అందరూ ఎం.ఎన్.జె. అంటారు. 1955లో పెట్టింది. ఆ మూడక్షరాల వెనక మెహదీ నవాజ్ జంగ్ అనే పేరుంది. 1960లో గుజరాత్‌కు మొదటి గవర్నరైన మనిషి. లైన్లో నిలబడ్డవాళ్లలో ఎంతమందికి ఆ సంగతి తెలుసో మరి. అక్కడ నొప్పి తగ్గించడానికే ఒక విభాగం ఉంది. మార్ఫిన్ ఇచ్చారు, ఎట్లా వాడాలో రాసిచ్చారు.

మా ఫూఫా అది మత్తు కదా, హరాం కాదా అన్నాడు. మసీదు ఇమామ్‌సాబ్‌ను అడిగాం. "మందు మందే. నొప్పితో కలిమా కూడా నోటికి రాకపోతే అప్పుడేం చేస్తారు? ఇవ్వండి" అన్నాడు. ఇచ్చాం. అబ్బా ఈద్ రోజున గోడకు ఆనుకుని కూర్చుని రెండు చెంచాల షీర్ ఖుర్మా తిన్నాడు. తొమ్మిదో రోజు ఫజర్ వేళకు వెళ్లిపోయాడు. డాక్టరు చెప్పిన 3కూ 6కూ మధ్య, సరిగ్గా 5 నెలలు.

జనాజా నమాజుకు ముందు పెద్దకొడుకు నిలబడి అడగాలి. మా అబ్బా ఎవరికైనా బాకీ ఉంటే చెప్పండి, మేం తీరుస్తాం అని. పెద్దన్న అడిగాడు. ఎవరూ ఏమీ చెప్పలేదు. గుడ్డ మిగిలిపోయిందని కూడా ఎవరూ అనలేదు.

ఇది జరిగి ఏళ్లు గడిచాయి. మందులు మారాయి. 2020 నుంచి అటెజోలిజుమాబ్, బెవాసిజుమాబ్ అని రెండు ఇంజెక్షన్లు కలిపి ఇస్తున్నారు. ఆ పరీక్షలో సగంమంది 19 నెలలు దాటారు. సోరాఫెనిబ్ వాళ్లు 13. 2022లో ఇంకో జంట మందుల ఫలితాలొచ్చాయి. డర్వాలుమాబ్, ట్రెమెలిముమాబ్. అందులో నాలుగేళ్లకు కూడా నూటికి ఇరవై ఐదు మంది ఉన్నారు. అయితే ఆ పరీక్షల్లోకి తీసుకున్నది లివరు ఇంకా ఏ లో ఉన్నవాళ్లనే. మందుల ధర మాలాంటి వాళ్లకు అందేది కాదు. డాక్టరు అంకె చెప్పినప్పుడు రెండు ప్రశ్నలు అడగండి: ఆ లెక్క ఎట్లాంటి లివరు ఉన్నవాళ్లది? మా మనిషి వాళ్లలోకి వస్తాడా? మేం అడగలేదు.

ఇంకొక పని ఆలస్యంగానైనా చేశాం. నలుగురం రక్తపరీక్ష చేయించుకున్నాం. మాలో రెండోవాడికి హెపటైటిస్ బి ఉంది. రోజుకో గోళీ, ఆరు నెలలకోసారి లివరు స్కానింగు. గడ్డ చిన్నగా ఉన్నప్పుడే దొరికి, తీయగలిగితే, సగానికి పైగా మంది ఐదేళ్లు దాటుతారు. అబ్బాను కూడా ముందే ఎవరైనా పరీక్ష చేసి ఉంటే అనుకుంటాం. అనుకుని ఏం లాభం? పిల్లలందరికీ టీకాలు వేయించాం. మన దేశంలోనే జన్యు పద్ధతిలో మొదటి హెపటైటిస్ బి టీకా 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ తయారుచేసింది. 2011 నాటికి దేశమంతా పిల్లల టీకాల్లో చేరింది. ఈ జబ్బు సారాతోనే రాదని, అంటినవాడు తప్పు చేసినవాడు కాదని మా గల్లీలో చెప్పుకుంటూ తిరుగుతున్నాం. ఫూఫా కూడా పరీక్ష చేయించుకున్నాడు.

పోయినసారి స్కానింగుకు రెండోవాడితో పాటు మేం ముగ్గురం కూడా పోయాం. వాడూ ఇప్పుడు గడ్డం పెంచాడు, టోపీ పెట్టుకుంటాడు. రిపోర్టు చూస్తున్న డాక్టరు తలెత్తి, వాణ్ని వదిలేసి మా వైపు చూశాడు. మేం నోరు తెరవబోయాం.

వాడే ముందు అన్నాడు. "సార్, పేషెంటును నేనే. నాకే చెప్పండి. తెలుగులో చెప్పినా పర్వాలేదు, నాకొచ్చు."

రిపోర్టు బాగానే ఉంది. మళ్లీ ఆరు నెలలకు రమ్మన్నాడు.